కార్జాన్ని కొట్టి చూసిన రోజులు

మా ఆయన దేన్నైనా కొట్టి చూడందే నమ్మడు. అంగట్లో పుచ్చకాయను కొట్టి చూస్తాడు, అది అందరూ చేసేదే. కానీ కొత్త బిందె కొన్నా వేలి కణుపులతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. చుట్టాలింటికి పోతే కూర్చునే ముందు గోడ మీద రెండు దెబ్బలు వేస్తాడు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయి మా క్వార్టర్ కిటికీలు గలగలమన్న ప్రతిసారీ లేచి గదిగదికీ పోయి గోడలు కొట్టి వస్తాడు. పెళ్లయిన కొత్తలో ఈ మనిషికి ఏదో పట్టిందని భయపడ్డాను.

తర్వాత తెలిసింది, అది ఆయన పని నేర్పిన అలవాటని. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటాం. మా ఆయన బాయి లోపల కప్పు కూలకుండా కింద కర్రలు నిలబెట్టే జట్టులో ఉండేవాడు. పని మొదలుపెట్టే ముందు పొడుగాటి కట్టెతో పైకప్పును కొడతారు. ఒక చెయ్యి కప్పుకు ఆనించి, రెండో చేత్తో కొడతారు. చెవికి అందని వణుకు వేళ్లకు అందుతుందట. ఖంగుమని మోగితే బండ గట్టిగా ఉన్నట్టు, లోపలికి పోవచ్చు. డప్పులా డొల్లగా మోగితే పైన పొర విడిపోయినట్టు, అందరూ వెనక్కి రావాల్సిందే. "గట్టిగున్న కప్పు కిందికెల్లే నేను రోజు ఇంటికొస్తున్న" అనేవాడు. ఆ మాట విన్న రోజు నుంచి ఆయన ఏం కొట్టినా నేను నవ్వలేదు.

ఒకసారి పట్టాల మీద బొగ్గు మోసే టబ్బు తగిలి మోకాలు నలిగింది. కంపెనీ వాళ్లు పైన లాంపు రూములో తేలిక పని ఇచ్చారు. షిఫ్టుకు దిగేవాళ్లకు తల దీపాలు ఇవ్వడం, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకుని చార్జింగుకు పెట్టడం. కూర్చుని చేసే పని. పక్కనే క్యాంటీను. బాయిలో ఉన్నప్పుడు చెమటలో కరిగిపోయే అన్నం ఇప్పుడు కరగడం మానేసింది, కానీ కంచంలో అన్నం గుట్ట మాత్రం తగ్గలేదు. తగ్గించాలని నాకూ తోచలేదు. పని చేసి వచ్చిన మగమనిషికి కంచం నిండా పెట్టడమే మా ఇళ్లలో మర్యాద. పైగా ఆయనకు చక్కెర దండిగా వేసిన చాయ ఇష్టం. పొట్ట పెరిగింది, షుగరు వచ్చింది. షుగరుకు గోళీలు వేసుకుని ఆ చాయే తాగేవాడు.

తెలంగాణ కోసం సమ్మెలు, రాస్తారోకోలు నడుస్తున్న ఏళ్లవి. ఉద్యోగులకు చేసే ఆరోగ్య పరీక్షల్లో భాగంగా కంపెనీ దవాఖానలో మా ఆయన కడుపుకు స్కానింగ్ తీశారు. డాక్టరు ఫిలిం చూసి, రక్తం రిపోర్టు చూసి, ఆయన మొహం చూశాడు.

"లివర్‌కు కొవ్వు పట్టింది. ఎన్నేళ్ల నుంచి తాగుతున్నావు?"

"ముట్ట సారు."

"నిజం చెప్పు. నాకు చెప్పకపోతే నీకే నష్టం."

"సారు, నేను చర్చిల పెద్దమనిషిని."

డాక్టరు నవ్వాడు. "చర్చి పెద్దలకు కూడా లివర్లు ఉంటాయి కదయ్యా."

మా ఆయన మెడ వంచుకున్నాడు. నాకు ఉండబట్టలేదు. "సారు, ఈయన తాగేది చాయొక్కటే. దాంట్ల చక్కెర మస్తు కావాలె. కాదంటె అలుగుతడు" అన్నాను.

డాక్టరు మా ఆయన పొట్ట వైపు చూసి తల ఊపాడు. "అయితే అదే. తాగితేనే వస్తుందని ఏమీ లేదు. పొట్ట, షుగరు, కూర్చుని చేసే పని, ఇవి చాలు" అని మెల్లగా విడమరిచి చెప్పాడు. కొవ్వు చాలా కాలం ఉండిపోతే లోపల పుండులాంటిది అవుతుంది. పుండు మానిన చోట మచ్చ పడుతుంది. మచ్చలు పెరుగుతూ పోతే కాలేయం, మేం కార్జం అనేది, పని మానేస్తుంది. మా ఆయనకు మచ్చ పడిందో లేదో, పడితే ఎంత పడిందో చూడాలి.

"ఎట్ల చూస్తరు సారు? కోస్తరా?" అన్నాడు మా ఆయన. బండ కింద నిలబడి పని చేసిన మనిషికి సూది అంటే వణుకు.

"వెనకటైతే సూది గుచ్చి చిన్న ముక్క తీసి చూసేవాళ్లం. అవసరమైతే ఇప్పుడు కూడా తీస్తారు. కానీ ముందు నువ్వు హైదరాబాదు పోయి ఒక పరీక్ష చేయించుకుని రా. కొయ్యరు, గుచ్చరు. పైనుంచే చూస్తారు." చీటీ రాసిచ్చి, తను కూతురి పెళ్లికి సెలవు మీద పోతున్నానని, తిరిగి వచ్చాక రిపోర్టు పట్టుకుని రమ్మని చెప్పాడు.

ఆ కబురు మాకంటే ముందే కాలనీకి చేరింది. మా ఎదురు క్వార్టర్‌లో ఉండే ఆయన బొగ్గు నింపే పని చేసేవాడు. జీతం రోజు నుంచి నాలుగు రోజులు సీసా పక్కన పెట్టుకునే మనిషి, ఆ మాట దాచేవాడూ కాదు. వాకిట్లోంచే అరిచాడు.

"అన్నా, గిదేం అన్యాలమే! తాగేది నేను, కార్జం చెడేది నీదా? నా సీసల కెల్లి గిట్ల దొంగతనంగ తాగుతున్నవా ఏంది?"

"నీ నోట్లె మన్నువడ, ఊకో" అన్నాను నేను.

"అది గాదు వదినా, నాకు రావాల్సింది అన్నకు పోయిందంటె పోస్టుమన్ తప్పు ఇంట్ల ఏసి పోయినట్టే గద!"

వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. మా ఆయన నవ్వలేదు. ఆ ఆదివారం చర్చిలో ఎప్పుడూ కూర్చునే ముందు బెంచీలో కాకుండా వెనక, తలుపు పక్కన కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయనకు ఎక్కువ బాధ పెట్టింది. ఇంటికి వస్తూ దారిలో, "కార్జం పోతె పోయింది గని, తాగుబోతోడని పేరొచ్చేటట్టుంది" అన్నాడు. నాకు మాత్రం పేరు గురించి కాదు భయం. మచ్చ అని డాక్టరు చెప్పిన మాట చెవుల్లోనే ఉంది.

రామగుండం స్టేషనులో పొద్దుటి రైలెక్కి హైదరాబాదు పోయాం. అప్పటికి నేను అక్షరాలు నేర్చుకుని ఎంతో కాలం కాలేదు. చర్చి వెనక గదిలో సాయంత్రాలు ఆడవాళ్లకు చదువు చెప్పేవారు. మనవడి వయసు పిల్లలు దిద్దే అక్షరాలు నేను దిద్దాను. కొత్తగా చూపు వచ్చినట్టు ఉండేది నాకు. కనిపించిన బోర్డునల్లా పైకి చదివేదాన్ని. ఆ పెద్ద దవాఖానలో కూడా "చెప్పులు ఇక్కడ విడవండి", "నిశ్శబ్దం పాటించండి" అని వరసగా చదువుతూ నడిచాను.

"నిశ్శబ్దం అని చదువుకుంటనే గింత లొల్లా?" అన్నాడు మా ఆయన. ఖాళీ కడుపుతో రమ్మన్నారు కాబట్టి ఆయనకు చాయ లేదు, అందుకని చిరాకుగా ఉన్నాడు.

లోపలికి పిలిచారు. నన్ను కూడా రానిచ్చారు. మా అమ్మాయి వయసు పిల్ల ఆ మిషన్ దగ్గర కూర్చుని ఉంది. మా ఆయనను వెల్లకిలా పడుకోబెట్టి, కుడి చెయ్యి తల కింద పెట్టుకోమంది. పక్కటెముకల మీద చల్లని జిగురు రాసింది. టార్చిలైటు అంత కడ్డీ లాంటిది తీసి ఎముకల సందులో ఆనించింది. టక్‌మని చిన్న చప్పుడు. మా ఆయన ఉలిక్కిపడ్డాడు.

"నొప్పేమీ ఉండదు అంకుల్. కదలకండి."

మళ్లీ టక్. మళ్లీ టక్. మా ఆయన మొహంలో భయం పోయి వేరే ఏదో వచ్చింది.

"బిడ్డా, గిదేంది? కొట్టి చూస్తున్నవా?"

"అవును అంకుల్. చిన్న దెబ్బ. దాని వణుకు లివర్‌లోకి పోతుంది. ఎంత తొందరగా పోతుందో మిషన్ కొలుస్తుంది. గట్టిగా ఉంటే తొందరగా పోతుంది, మెత్తగా ఉంటే నెమ్మదిగా పోతుంది."

మా ఆయన లేచి కూర్చోబోయాడు. ఆ పిల్ల భుజం పట్టి పడుకోబెట్టింది.

"నువ్వు చేసే పనే నేను బాయిల చేసిన బిడ్డా! కట్టెతోని కప్పును కొడుతుంటిమి. చెయ్యి ఆనిచ్చి పెడితె వణుకు తెలుస్తుండె. నువ్వు గూడ గట్లనే ఆనిచ్చినవు గద!"

"అయితే మీరే నాకు నేర్పాలి అంకుల్" అని నవ్విందా పిల్ల. తెర మీద అంకెలు పడుతున్నాయి. అక్షరాల కంటే ముందు అంకెలే వచ్చు నాకు, కానీ అవేం చెబుతున్నాయో తెలియదు.

"మరి నాదెట్లుంది? గట్టిగుందా?"

ఆ పిల్ల తెర మీది అంకెలు మళ్లీ చూసింది. "కొంచెం గట్టిగానే ఉంది అంకుల్. మిగతాది మీ డాక్టరుగారు చెబుతారు" అంది. జిగురు తుడవమని నాకు కాగితం ఇస్తూ నా వైపు చూసింది. ఆ చూపులో జాలి ఉందని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియలేదు. మా ఆయన కళ్లు మెరుస్తుంటే నేను ఆయననే చూస్తున్నాను.

బయటికి రాగానే చాయ బండి దగ్గర రెండు చాయలు ఒకదాని వెనక ఒకటి తాగాడు. "ఇన్నవా? గట్టిగుందట. కొట్టి చూసి చెప్పింది. నోటిమాట గాదు" అన్నాడు. నాకు కూడా గుండె మీది బరువు దిగిపోయింది. పెళ్లయినప్పటి నుంచి ఆయన నోట విన్న లెక్క అదే కదా, గట్టిగా మోగితే ప్రాణం నిలిచినట్టు. రిపోర్టు కవరులో పెట్టి ఇచ్చారు. అంతా ఇంగ్లీషు. నాకు వచ్చింది తెలుగు, అది కూడా కూడబలుక్కుని.

కాలనీలో దిగేసరికి ఎదురింటాయన గేటు దగ్గరే ఉన్నాడు.

"ఏమన్నరే అన్నా?"

"గట్టిగుందన్నరు!"

"గట్టిగుందా! ఇగ ఏంది మరి, ఫికర్ లేదు."

ఇంకో ఇద్దరు రిటైరైన బాయి మనుషులు కూడా వచ్చి విన్నారు. వాళ్లూ తలలూపారు. ఎట్లా కొట్టారు, ఎక్కడ కొట్టారు, చప్పుడు ఎట్లా వచ్చింది అని అడిగారు. మా ఆయన అరుగు మీద పడుకుని చూపించాడు. వాళ్లలో ఎవరికీ అనుమానం రాలేదు. గట్టిదంటే భయపడాలని బతుకంతా బండ కింద గడిపిన మనిషికి ఎట్లా తోస్తుంది?

"నాది కొడితె డొల్లనే మోగుతది గావచ్చు" అని ఎదురింటాయన తన పక్కటెముకలు కొట్టుకున్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం రెండోసారి కొట్టుకుని, చెవి పెట్టి వింటున్నట్టు తల వంచాడు. నవ్వు ఆగిపోయింది.

ఆదివారం మా ఆయన ముందు బెంచీలో కూర్చున్నాడు. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అనగానే తెల్ల చొక్కా సర్దుకుని లేచాడు. "నా మీద వచ్చిన నిందను దేవుడు కొట్టేసిండు. హైదరాబాదుల పెద్ద మిషన్‌తోని చూసిండ్రు. నా కార్జాన్ని దేవుడు బండ లెక్క కాపాడిండు" అన్నాడు. సంఘమంతా "స్తోత్రం" అంది. నేను కూడా అన్నాను.

చర్చి నుంచి నేరుగా మటన్ కొట్టుకు పోయాను. ఆయనకు కార్జం వేపుడు చేయాలని. మాకు మటన్ ఇచ్చే భాయ్ మా ఆయన ఈడువాడే. నన్ను చెల్లె అంటాడు. ఆ రోజు ఆయన ముందు రెండు కార్జాలు ఉన్నాయి. ఒకటి ఎర్రగా, నిగనిగలాడుతూ, ముట్టుకుంటే వణికేటట్టు ఉంది. రెండోది పక్కన గోనె పట్టా మీద పడేసి ఉంది. కాస్త తెల్లబారి, అంచులు బిరుసుగా ఉన్నాయి.

"అది ఎందుకట్ల పక్కకేసినవు భాయ్? గదే ఇయ్యి. గట్టిగుంది" అన్నాను. ఆ వారమంతా మా ఇంట్లో అదే మాట. నోటికి అదే వచ్చింది.

"అరె చెల్లె, అది నకో. కుక్కలకేసేది."

"ఏమైంది దానికి? గట్టిగుంటె మంచిదే గద?"

భాయ్ చేతిలో కత్తి ఆపి నా మొహం చూశాడు. "కార్జం గట్టిగుంటె ఎట్ల మంచిదైతది చెల్లె? అది బండనా? చెరువు కాడ మేసిన జీవం. లోపల పురుగు తిన్నది. తిన్న కాడల్లా మానుకుంట మానుకుంట గిట్ల గట్టివడ్డది. సూడు" అని కత్తితో కోశాడు. ఎర్రదాన్ని కోసినప్పుడు వెన్నలో దిగినట్టు దిగింది కత్తి. దీంట్లో మాత్రం కరకరమంది. లోపల తెల్లటి గీతలు.

"గిట్లైన జీవం ఎన్నో దినాలు బతకది. మనిషిదైనా, గొర్రెదైనా కార్జం మెత్తగుండాలె."

నేను ఎంతసేపు అక్కడే నిలబడ్డానో తెలియదు. పుండు మానిన చోట మచ్చ పడుతుందన్న డాక్టరు మాట, ఆ తెల్ల గీతలు, తెర మీది అంకెలు, ఆ పిల్ల నన్ను చూసిన చూపు, అన్నీ ఒకచోట చేరాయి. వెనకాల ఎవరో "జల్ది కానియ్యి అక్కా" అంటున్నారు. ఎర్ర కార్జం ఇమ్మన్నాను. రెండో దాంట్లో కూడా ఒక ముక్క కట్టివ్వమన్నాను. భాయ్ వింతగా చూశాడు కానీ అడగలేదు.

దారి పొడుగునా ఎట్లా చెప్పాలా అనే ఆలోచన. నోటితో చెబితే నమ్మడు. సంఘం ముందు నిలబడి చెప్పిన మాట ఇంకా చల్లారలేదు. దానితో పోయిన మర్యాద తిరిగి వచ్చింది. ఆ మాట అబద్ధమని నేనెట్లా అనేది?

ఇంటికి వచ్చి రెండు ముక్కలూ కడిగి స్టీలు పళ్లెంలో పెట్టాను. మా ఆయన అరుగు మీద పేపరు చూస్తున్నాడు. పళ్లెం ముందు పెట్టాను.

"ఏందే గిది? వండక ముందే పెడుతున్నవు?"

"కొట్టి చూడు. ఏది మంచిదో చెప్పు."

ఏదో ఆట అనుకున్నాడు. నవ్వుతూ కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు. ముందు మెత్తదాని మీద వేలు పెట్టాడు. తర్వాత గట్టిదాని మీద. రెండోదాన్ని బొటనవేలితో నొక్కాడు. తిప్పి నొక్కాడు. మళ్లీ మెత్తదాని మీదికి వచ్చాడు. నవ్వు పోయింది కానీ కళ్లు తెరవలేదు.

"గట్టిది ఏ జీవంది?" అన్నాడు.

"జబ్బు చేసినదంట. కుక్కలకేస్తనన్నడు భాయ్."

కళ్లు తెరిచి పళ్లెం వైపు చూశాడు. చెయ్యి పళ్లెంలోనే ఉంది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆయన ఎడమ చెయ్యి కుడివైపు పక్కటెముకల మీదికి పోయింది, ఆ పిల్ల కడ్డీ ఆనించిన చోటికి. కొట్టలేదు. ఊరికే ఆనించి ఉంచాడు.

"డాక్టరు రేపు వస్తడు గద?"

"వస్తడు."

"నువ్వు గూడ రా."

ఆ రోజు కార్జం వండలేదు. పప్పుతో తిన్నాం. గిన్నె ముందుకు జరిపితే రెండోసారి వద్దన్నాడు. అన్నం వద్దనడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

డాక్టరు రిపోర్టు చదువుతుంటే మా ఆయన కుర్చీలో కాకుండా పక్కన నిలబడ్డాడు. "మచ్చ పడింది. మొదటి దశ దాటింది. చివరి దాకా మాత్రం పోలేదు" అన్నాడు డాక్టరు.

"సారు, నాకు నా తీరుగ చెప్పుండ్రి. కూలే దశల ఉందా, సపోర్టు పెడితె ఆగే దశల ఉందా?"

మా వాళ్లకు వైద్యం చేసీ చేసీ డాక్టరుకు ఆ భాష తెలుసు. పెన్ను కింద పెట్టాడు. "ఆగే దశలో ఉంది. కొంత వెనక్కి కూడా రావచ్చు. కానీ కర్రలు నేను పెట్టలేను. నువ్వే పెట్టాలి. చక్కెర చాయ ఇక లేదు. అన్నం సగం. షుగరు గోళీలు తప్పొద్దు. రోజూ నడవాలి. బరువు దిగితే లోపల కొవ్వు దిగుతుంది. మందు ముట్టవు కాబట్టి నీకు ఒక దెబ్బ తక్కువ."

"ముట్ట సారు" అన్నాడు మా ఆయన. ఈసారి డాక్టరు నవ్వలేదు. "తెలుసయ్యా, నమ్ముతున్నా" అన్నాడు. ఆ ఒక్క మాటకు మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తలుపు దాకా వచ్చాక డాక్టరు నన్ను పిలిచి, "అమ్మా, మీ ఇంట్లో పొయ్యి ఒకటే కదా. మీరు కూడా ఒకసారి చూపించుకోండి" అన్నాడు. అట్లాగేనన్నాను. అన్నానంతే.

తర్వాతి ఆదివారం సాక్ష్యానికి పిలవగానే మా ఆయన మళ్లీ లేచాడు. లేస్తాడని నాకు కూడా చెప్పలేదు. "పోయిన వారం నేను తప్పు చెప్పిన. బాయి లెక్క కార్జానికి పెట్టిన. కప్పు గట్టిగుండాలె గని కార్జం మెత్తగుండాలెనంట. నాది గట్టివడ్డది. తాగి కాదు, తిని. నా అసొంటి పొట్ట ఉన్నోళ్లు చూపించుకోండ్రి" అని కూర్చున్నాడు. ఈసారి స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. వెనక నుంచి ఒక ముసలమ్మ "పాపం" అంది. పాస్టరుగారు పాట అందుకున్నారు.

ఆ సాయంత్రం ఎదురింటాయన మా వాకిట్లోకి వచ్చాడు. చర్చికి రాని మనిషి, ఎవరో చెప్పి ఉంటారు. ఎప్పటిలా అరవలేదు. "అన్నా, ఆ డాక్టరు ఏ యాళ్లకు ఉంటడు?" అని అడిగి పోయాడు.

చెప్పినంత సులువుగా ఏదీ జరగలేదు. మొదటి నెలంతా మా ఇంట్లో రోజూ గొడవే. చక్కెర డబ్బా కోసం ఆయన వెతకడం, నేను దాచడం. సగం కంచం ముందు కూర్చుని, "పెండ్లాం గాదు, రేషను దుకాణపోడు" అని నన్ను తిట్టేవాడు. లాంపు రూములో చాయ వద్దంటే తోటివాళ్లు "ఏందే, అలిగినవా?" అనేవారట. నలిగిన మోకాలుతో నడవడం కష్టమయ్యేది. నేను పక్కన నడిచేదాన్ని. ఓపెన్‌కాస్టు మట్టి గుట్టల పక్క రోడ్డులో పొద్దున్నే పోయేవాళ్లం. దారిలో ఉన్న బోర్డులన్నీ చదివేదాన్ని. కొన్నాళ్లకు, "ఇయ్యాల కొత్త బోర్డు లేదా?" అని ఆయనే అడగడం మొదలుపెట్టాడు. చొక్కా గుండీలు వదులయ్యాయి. బెల్టుకు మేకుతో కొత్త రంధ్రం పొడిచాను.

తెలంగాణ వచ్చిన ఆ వేసవిలో డాక్టరు మళ్లీ పరీక్షకు పంపాడు. అంతకు ముందు లాంపు రూములో సంబరాలు జరిగిన రోజున ఎవరో మా ఆయన నోటి దగ్గర లడ్డు పెట్టారట. చేతిలోకి తీసుకుని, షిఫ్టు అయ్యేదాకా రుమాలులో కట్టి ఉంచి, ఇంటికి తెచ్చి నాకిచ్చాడు. గులాలు అంటుకుని ఉంది దానికి. "నా వాటా గూడ నువ్వే తిను" అన్నాడు. తిన్నాను.

ఈసారి మిషన్ దగ్గర వేరే పిల్ల ఉంది. మా ఆయన అడగకుండానే చెయ్యి తల కింద పెట్టుకున్నాడు. టక్ టక్‌మని కొట్టడం అయ్యాక తల తిప్పి అడిగాడు.

"బిడ్డా, మెత్తవడ్డదా?"

పాత రిపోర్టు పక్కన పెట్టుకుని చూసింది ఆ పిల్ల. "పోయినసారి కంటే తగ్గింది అంకుల్. మామూలుకు ఇంకా రాలేదు. కానీ తగ్గింది."

మా ఆయన లేచి కూర్చున్నాడు. జిగురు తనే తుడుచుకున్నాడు. మెట్లు దిగుతున్నప్పుడు మాత్రం గోడ మీద కణుపులతో రెండుసార్లు కొట్టాడు. అప్పుడు తెలిసింది నాకు, సంతోషంగా ఉన్నాడని.

తిరుగు రైలులో కిటికీ పక్కన కూర్చున్నాం. చాయ అమ్మే అతను వస్తే నేనొకటి తీసుకున్నాను. మా ఆయన "చక్కెర లేనిది ఉందా?" అని అడిగి, లేదంటే పొమ్మన్నాడు.

"ఇగ ఫికర్ లేదు నీకు" అన్నాను.

"ఎవలు చెప్పిండ్రు? పొద్దుగాల షిఫ్టోడు కప్పు కొట్టి చూసి మంచిగుందంటడు. అది ఆ షిఫ్టుకే. రెండో షిఫ్టోడు ఆ మాట మీద లోపలికి పోడు. తనూ కొట్టి చూస్తడు." నా వైపు తిరిగాడు. "మళ్ల వచ్చేటప్పుడు ఆ బల్ల మీద నువ్వు గూడ పండాలె. డాక్టరు చెప్పి ఎన్ని దినాలాయె?"

"నాకేమైంది? నేను మంచిగనే ఉన్న."

"నేను గూడ గదే అన్న."

నోటి దాకా వచ్చిన చాయ గ్లాసు అట్లాగే ఆగింది. కిటికీ అంచు మీద పెట్టేశాను. రామగుండం వచ్చేసరికి దాని మీద మీగడ కట్టింది.